రీకాల్ అయిన చీజ్ తిన్నాను, కడుపులో బిడ్డకు ప్రమాదమా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. న్యూజెర్సీలో ఉంటాం. తొలి కాన్పు, ఇప్పుడు 26వ వారం. ఒక మెత్తటి చీజ్‌లో లిస్టీరియా అనే క్రిమి కనిపించిందని కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు మొన్న వార్త వచ్చింది. ఆ చీజ్ వేసిన సలాడ్ నేను తొమ్మిది రోజుల కిందట తిన్నాను. మిగిలిన ప్యాకెట్ ఫ్రిజ్‌లోనే ఉంది. నంబర్లు చూస్తే అదే బ్యాచ్. జ్వరం లేదు, విరేచనాలు లేవు, బిడ్డ బాగానే కదులుతోంది. డాక్టర్ ఆఫీసుకు ఫోన్ చేస్తే ‘లక్షణాలు లేవు కదా, గమనిస్తూ ఉండండి’ అని నర్సు పెట్టేసింది. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. పట్టుబట్టి రక్త పరీక్ష చేయించుకోవాలా? ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్ వేసుకోవచ్చా? ఇండియా నుంచి తెచ్చుకున్నవి ఇంట్లో ఉన్నాయి. అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. ఆమె చేసినవి తినాలన్నా భయంగా ఉంది, పెరుగు కూడా మానేశాను. ‘మేం ఇవన్నీ చూసుకుని తిన్నామా, మీరు పుట్టలేదా’ అని అమ్మ బాధపడుతోంది. ఈ నెలాఖరున సీమంతం. ఏం తినాలి, ఏం మానాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ‘జ్వరం లేదు’ అన్నది. అందుకే ముందుగా పరీక్ష సంగతి చెబుతాను.

నర్సు చెప్పింది సరైన మాటే. రెండు ముక్కలు చెప్పి ఫోన్ పెట్టేసరికి మీకు అది నిర్లక్ష్యంలా తోచింది. ఆమె ఇంకో రెండు నిమిషాలు మాట్లాడి ఉంటే మీకు ఇంత టెన్షన్ ఉండేది కాదు. లిస్టీరియా ఉందని అనుమానమున్న పదార్థం తిన్నా ఏ లక్షణమూ లేని గర్భిణికి పరీక్షలు, మందులు అక్కర్లేదన్నది అమెరికాలోని ప్రసూతి వైద్యుల సంఘం సలహా. రీకాల్ అయిన బ్యాచ్‌లో ప్రతి ప్యాకెట్‌లోనూ క్రిమి ఉండదు. ఉన్నా, తిన్న అందరికీ జబ్బు రాదు. ఒంట్లో బాగున్నప్పుడు చేసే రక్త పరీక్షలో ఏమీ తేలదు. ఈ రోజు ఏమీ లేదని వచ్చినా, వచ్చే వారం రాదన్న హామీ అందులో లేదు. మల పరీక్ష మరీ దండగ. ఆరోగ్యంగా ఉన్న వాళ్ల పేగుల్లోనూ ఈ క్రిమి కొన్నాళ్లు ఉండి, ఏ హానీ చేయకుండా వెళ్లిపోతుంది. యాంటీబాడీ పరీక్ష కూడా ఈ విషయంలో పనికిరాదు. ఎవరైనా రాసినా డబ్బు పెట్టకండి.

ఇక, గమనిస్తూ ఉండండి అంటే ఏం గమనించాలి, ఎన్నాళ్లు? అది ఆమె చెప్పలేదు. చాలా తిండి జబ్బులు ఒకటి రెండు రోజుల్లో బయటపడతాయి. లిస్టీరియా అలా కాదు. గర్భిణుల్లో అది బయటపడడానికి వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి 70 రోజుల దాకా. అందుకని సలాడ్ తిన్న తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టి, అక్కడి నుంచి 70 రోజులు లెక్కేసి ఆ తేదీ కూడా రాసుకోండి. పొద్దునా సాయంత్రం థర్మామీటర్ పెట్టుకుని కూర్చోవాల్సిన పని లేదు. ఒళ్లు వెచ్చగా అనిపిస్తే, చలి పుడితే, ఫ్లూ వచ్చినట్టు ఒళ్లంతా నొప్పులుగా ఉంటే, నడుం నొప్పితో పాటు నీరసం ముంచుకొస్తే అప్పుడు చూసుకోండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అర్ధరాత్రయినా సరే ఫోన్ చేయాలి.

జ్వరం చూసుకోకుండా టైలెనాల్ (మన పారాసెటమాల్) వేసుకుని పడుకోవద్దు. ముందు జ్వరం ఎంతుందో చూసి, రాసుకుని, డాక్టర్‌కు చెప్పి, అప్పుడు వేసుకోండి. గర్భిణుల్లో లిస్టీరియా చాలాసార్లు మామూలు ఫ్లూలాగే వచ్చి, ఒక మాత్రతో తగ్గినట్టు కనిపిస్తుంది. తల్లి లేచి తిరుగుతుంటుంది, లోపల బిడ్డకు మాత్రం ఇన్ఫెక్షన్ ముదురుతుంటుంది. ఫోన్‌లో ఎవరు ఎత్తినా ఈ మూడూ కలిపి ఒకేసారి చెప్పండి: ఇన్నో వారం గర్భిణిని, ఇంత జ్వరం ఉంది, ఫలానా తేదీన లిస్టీరియా రీకాల్ అయిన చీజ్ తిన్నాను. ఈ మూడో మాట చెప్పకపోతే వైరల్ జ్వరమనుకుని ఇంట్లోనే ఉండమనే అవకాశం ఉంది. చెబితే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్ష, తీస్తారు. ఈ జబ్బును పట్టించే పరీక్ష అదే. ఫలితం రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టి అనుమానం గట్టిగా ఉంటే అది వచ్చే దాకా ఆగకుండా మందు మొదలుపెడతారు. మెడ బిగుసుకుపోవడం, విపరీతమైన తలనొప్పి, మాట తడబడడం, బిడ్డ కదలికలు తగ్గడం, పొత్తికడుపు ఉండుండి బిగియడం, ఉమ్మనీరు పోవడం, వీటిలో ఏది ఉన్నా ఫోన్లు పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్స్ మాట. మన వాళ్ల సూట్‌కేసుల్లో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ స్ట్రిప్పులు ఉండడం మామూలే. మీరు వాటి జోలికి పోవద్దు. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్ జాతి మందులు చాలా ఇన్ఫెక్షన్లకు బాగా పనిచేస్తాయి, లిస్టీరియా మీద మాత్రం పనిచేయవు. అవి వేసుకుని ‘మందు వాడుతున్నాను కదా’ అని ధైర్యంగా ఉండిపోవడమే అసలు ప్రమాదం. ఈ క్రిమికి వాడేది యాంపిసిలిన్. జబ్బు ఖాయమైతే ఆసుపత్రిలో నరానికి ఎక్కిస్తారు, చాలాసార్లు దానికి తోడుగా జెంటమైసిన్ కూడా ఇస్తారు. యాంపిసిలిన్ గర్భిణులకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్న మందే, బిడ్డకు హాని లేదు. అది పెన్సిలిన్ జాతిదే కాబట్టి, పెన్సిలిన్ పడని వాళ్లకు వేరే మందు ఉంది. మీకు పెన్సిలిన్ అలర్జీ ఉంటే ఆ సంగతి ఇప్పుడే మీ ఫైల్‌లో రాయించండి.

ఇంత చిన్న క్రిమికి ఇంత హడావుడి దేనికని మీ అమ్మగారు అడగొచ్చు. ఆమెకు కూడా చదివి వినిపించండి.

బిడ్డను పరాయిదిగా భావించి దాడి చేయకుండా ఉండడానికి గర్భిణి శరీరం తన రోగనిరోధక శక్తిలో ఒక భాగాన్ని కాస్త తగ్గించుకుంటుంది. సరిగ్గా ఆ భాగమే లిస్టీరియాను అడ్డుకునేది. పైగా ఈ క్రిమి మన కణాల లోపలికి దూరి, అక్కడే పెరిగి, బయటికి రాకుండానే పక్క కణంలోకి వెళ్లగలదు. అలా మాయను చేరుతుంది, మాయ నుంచి బిడ్డను. అమెరికాలో మిగతా జనం కంటే గర్భిణులకు ఇది సోకే అవకాశం సుమారు పది రెట్లు ఎక్కువ. తల్లికి ప్రాణాపాయం చాలా అరుదు. నష్టమంతా బిడ్డకే: గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, కడుపులోనే బిడ్డ పోవడం, పుట్టిన బిడ్డకు రక్తంలో ఇన్ఫెక్షన్, మెదడు పొరల వాపు. ఒంట్లోకి బాగా పాకిన కేసుల్లో సుమారు నాలుగింట ఒకటి బిడ్డను కోల్పోవడంతో ముగుస్తోంది. ఇది చదివితే మీకు గుండె ఝల్లుమంటుందని తెలుసు. కానీ రెండో వైపు కూడా చూడండి. అమెరికాలో ఏడాదికి 35 లక్షలకు పైగా కాన్పులవుతాయి. అన్ని వయసుల వాళ్లనూ కలిపినా ఈ జబ్బు వచ్చేది ఏడాదికి రెండు వేల మంది లోపే. వాళ్లలో గర్భిణులు ఒక చిన్న భాగం. అరుదైన జబ్బు, వస్తే తీవ్రమైన జబ్బు. త్వరగా పట్టుకుని యాంపిసిలిన్ ఇస్తే ఆరోగ్యంగా పుట్టిన బిడ్డలూ ఉన్నారు. అందుకే జ్వరం దగ్గర అంత పట్టుదలగా చెప్పాను.

ఇది తిండి ద్వారా వస్తుందని వైద్యులకు గట్టిగా తెలిసింది 1981లో, కెనడాలోని నోవా స్కోషియాలో. ఆ ఏడాది అక్కడ 41 మందికి జబ్బు వస్తే, అందులో 34 కేసులు గర్భిణులు, వాళ్ల బిడ్డలే. వెతుక్కుంటూ పోతే దుకాణాల్లో అమ్మే పచ్చి క్యాబేజీ తురుము సలాడ్ దగ్గర తేలింది. ఆ క్యాబేజీ పండిన పొలానికి గొర్రెల ఎరువు వేశారు. ఆ మందలో గొర్రెలు ఇదే జబ్బుతో చనిపోయాయి. కోసిన క్యాబేజీని చలికాలమంతా చల్లటి గోదాములో నిల్వ చేశారు. మిగతా క్రిములు చల్లదనానికి ఆగిపోతే, ఇది మాత్రం అక్కడే నెమ్మదిగా పెరిగింది. పంటను పాడవకుండా కాపాడిన చలే ఈ క్రిమికి కలిసొచ్చింది. నాలుగేళ్ల తర్వాత, 1985లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో మెక్సికన్ తరహా మెత్తటి చీజ్‌తో 142 మందికి సోకింది. 93 కేసులు మళ్లీ తల్లీబిడ్డలవే. 2017, 2018లో దక్షిణాఫ్రికాలో పోలోనీ అనే చల్లగా తినే మాంసం ముద్దతో వెయ్యి మందికి పైగా జబ్బుపడి, 200 మందికి పైగా చనిపోయారు. బాధితుల్లో పెద్ద భాగం నెల లోపు పసికందులు.

పచ్చి సలాడ్, మెత్తటి చీజ్, మాంసం ముక్క. మూడూ వేడి చేయకుండా, ఫ్రిజ్‌లోంచి తీసి తినేవే. లిస్టీరియా చల్లదనానికి చావదు, ఉడికిస్తే చస్తుంది. పదార్థం రుచి మారదు, వాసన రాదు, జిగురు తేలదు. ముక్కు దగ్గర పెట్టుకుని ‘బాగానే ఉంది’ అనుకునే మన అలవాటు దీని ముందు పనిచేయదు.

ఇప్పుడు మీ అమ్మగారి మాట. ‘మేం తినలేదా’ అన్నదాంట్లో న్యాయముంది. ఆ రోజుల్లో ఎన్నో ఇళ్లలో ఫ్రిజ్ ఉండేది కాదు. ఏ పూట కూర ఆ పూటే పొయ్యి మీంచి దిగి కంచంలోకి వచ్చేది. పాలు పొంగు రాకుండా ఎవరూ తాగేవారు కాదు. ఈ క్రిమికి కావాల్సిన చల్లటి చోటూ, నాలుగైదు రోజుల టైమూ ఆ వంటింట్లో దొరికేవి కావు. కాబట్టి మీ అమ్మగారి వంటకు భయపడకండి. ఆమె వేడివేడిగా వడ్డించే పప్పు, కూర, చారు మీరు ఈ నెలల్లో తినగలిగిన వాటిలో అన్నిటికన్నా భద్రమైనవి. జాగ్రత్త పడాల్సింది వేరే దగ్గర. కూతురి దగ్గరికి వచ్చిన తల్లి ఆదివారం పెద్ద గిన్నెలతో ఐదు రకాలు వండేసి, డబ్బాల్లో సర్ది, శుక్రవారం దాకా వాడమంటుంది. ప్రేమతో చేసే పనే. అమెరికా ఫ్రిజ్ పెద్దది కాబట్టి పడతాయి కూడా. మీకు మాత్రం వండింది రెండు గంటల్లోపు చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి. అంతకు మించి దాచాలంటే వండిన రోజే ఫ్రీజర్‌లో పెట్టండి. ఫ్రీజర్ కూడా క్రిమిని చంపదు, పెరగనివ్వదు, అంతే. తినేటప్పుడు గోరువెచ్చన సరిపోదు, పొగలు రావాలి. మైక్రోవేవ్‌లో అంచులు కాలిపోతుంటే మధ్యలో చల్లగా ఉంటుంది. సగంలో తీసి కలిపి మళ్లీ పెట్టండి. నన్నడిగితే పప్పు, కూర పొయ్యి మీద ఒక్క ఉడుకు రానివ్వడం తేలిక.

ఫ్రిజ్‌లో ఒక చిన్న థర్మామీటర్ పెట్టండి. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉండాలి. అంత చలిలోనూ ఈ క్రిమి పెరుగుతుంది కానీ బాగా నెమ్మదిగా. ఆ చీజ్ ప్యాకెట్‌ను ఇవాళే గట్టి కవర్లో చుట్టి పారేయండి. అది కూర్చున్న అరను, కింది డ్రాయర్‌ను వేడి సబ్బు నీళ్లతో కడిగి, గ్యాలన్ నీళ్లకు ఒక టేబుల్ స్పూన్ బ్లీచ్ కలిపి తుడవండి. ఈ పని మీరు కాదు, మీవారు చేయాలి. ఆ ప్యాకెట్ పక్కన మూత లేకుండా పెట్టిన కొత్తిమీర, కోసిన పండ్ల లాంటివి ఉంటే అవీ తీసేయండి.

పెరుగు ఎందుకు మానేశారు? ఈ రోజే మళ్లీ మొదలుపెట్టండి. దుకాణంలో కొన్న పాశ్చరైజ్ చేసిన పాలు, వాటిని అమ్మ మళ్లీ కాచి తోడు వేసింది. ఆ పులుపులో లిస్టీరియా బతకడం కష్టం. పెన్సిల్వేనియా వైపు ఫార్ముల నుంచి కాచని పాలు తెచ్చుకునే అలవాటు మీ స్నేహితుల్లో ఎవరికైనా ఉంటే, ఆ పాలు పొంగు వచ్చేలా కాచకుండా మీ ఇంట్లో ఏదీ చేయొద్దు. పనీర్ కూరలో బాగా ఉడికితే తినండి, ముక్కలు పచ్చిగా నోట్లో వేసుకోవద్దు. పిజ్జా మీద కరిగి బుడగలొచ్చిన చీజ్ ఫరవాలేదు. పాశ్చరైజ్ చేసిన పాలతో చేసిన గట్టి చీజ్ కూడా సరే. కేసో ఫ్రెస్కో లాంటి మెత్తటివి మాత్రం పాశ్చరైజ్ అని రాసి ఉన్నా ఈ మూడు నెలలూ వద్దు. తయారయ్యాక ప్యాకింగ్ దగ్గర క్రిమి చేరిన సందర్భాలున్నాయి.

ఇడ్లీ, దోసె పిండి ఫ్రిజ్‌లో ఉన్నా భయం లేదు, ఎలాగూ ఆవిరి మీదో పెనం మీదో ఉడుకుతుంది. పక్కన వేసుకునే కొబ్బరి పచ్చడి గురించి మాత్రం ఒక మాట. అక్కడ మన వాళ్లంతా ఫ్రోజెన్ కొబ్బరి కోరు ప్యాకెట్లు వాడతారు. అది పచ్చి పదార్థం. అలాంటి కొబ్బరి కోరుతో సాల్మొనెల్లా అనే మరో క్రిమి సోకి 2018లో అమెరికాలో రీకాల్ కూడా జరిగింది. మూకుట్లో వేసి బాగా వేడెక్కే దాకా వేయించి రుబ్బుకోండి, ఆ పూటకే చేసుకోండి. ఆవకాయ, మాగాయ ఉప్పూ పులుపూ దట్టంగా ఉండేవి, బీపీ లేకపోతే కాస్త కాస్త తినొచ్చు. ఐరన్ కోసమని ఎవరో ఒకరు మొలకెత్తిన పెసలు పచ్చిగా తినమంటారు. వద్దు. క్రిమి గింజలోనే ఉండొచ్చు, మొలక రావడానికి కావాల్సిన వెచ్చదనం, తడి దానికీ అంతే ఇష్టం. ఉడికించి పోపు పెట్టుకుంటే మంచిదే. కోసి డబ్బాల్లో అమ్మే ఖర్బూజా కొనకండి. 2011లో అమెరికాలో ఖర్బూజాతోనే 147 మందికి లిస్టీరియా సోకి 33 మంది చనిపోయారు. గరుకు తొక్క మీద ఉన్న క్రిమి కత్తితో పాటు లోపలికి వెళుతుంది. కాయ కొనుక్కుని, బ్రష్‌తో రుద్ది కడిగి, తడి తుడిచి, కోసి వెంటనే తినండి.

సాల్మొనెల్లా మాటెత్తాను కాబట్టి గుడ్డు సంగతీ చెబుతాను. పచ్చసొన గట్టిపడే దాకా ఉడకాలి. పచ్చి గుడ్డు మయొనీజ్ వద్దు. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయి, మరెందరో జబ్బుపడ్డాక తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు పచ్చి గుడ్డు మయొనీజ్‌ను నిషేధించింది. అమెరికా సూపర్‌మార్కెట్ సీసాల్లో వచ్చేది పాశ్చరైజ్ చేసిన గుడ్డుతో చేస్తారు, అది సరే.

ఇక సీమంతం. నిక్షేపంగా చేసుకోండి. చలిమిడి మీ అమ్మగారు ఎలాగూ చేస్తారు. తడి పిండిలో పంచదార కలిపేసే పచ్చి చలిమిడి కాకుండా, ఉడుకుతున్న బెల్లం పాకంలో పిండి పోసి పొయ్యి మీద కలిపే పాకం చలిమిడి చేయమనండి. సున్నుండలు, కాజాలు, అరిసెలు, ఇంటి నుంచి వచ్చిన పూతరేకులు, నీటి తడి లేనివేవీ ఇబ్బంది పెట్టవు. తలా ఒకటి వండి తెచ్చే పాట్‌లక్ అయితే మాత్రం మీరు ముందుగా తినేయండి. పదకొండు గంటలకు తెచ్చి పెట్టిన పులిహోర, దద్దోజనం, పెరుగు వడలు పేరంటం, ఫొటోలు అయ్యేసరికి మూడు గంటలు బల్ల మీదే ఉంటాయి. అక్షింతలు వేయించుకుని మీరు కూర్చునే సరికి అన్నీ అయిపోయి, చివరి వరసలో మీకు వడ్డిస్తారు. ఆ రోజు మీ ఒక్కరి కంచం వరకు అమ్మను పొయ్యి మీంచి దించినవి విడిగా తీసి ఉంచమనండి. ఎవరైనా డెలి శాండ్‌విచ్‌లు తెస్తే, లోపలి మాంసం పొగలు వచ్చేలా వేడి చేయకుండా ముట్టుకోవద్దు.

మళ్లీ చెకప్‌కు వెళ్లినప్పుడు చీజ్ తిన్న తేదీ, బ్యాచ్ నంబరు మీ ఫైల్‌లో ఎక్కించమని అడగండి. ప్యాకెట్ పారేసే ముందు దాని ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. 70 రోజుల లెక్క పూర్తయ్యే లోపే నెలలు నిండక ముందు కాన్పు వస్తే, లేబర్ రూమ్‌లో కూడా ఈ మాట చెప్పాలి. అప్పుడు పిల్లల డాక్టర్ బిడ్డను ఇంకాస్త జాగ్రత్తగా చూస్తారు, అవసరమనుకుంటే మాయను కూడా పరీక్షకు పంపిస్తారు. ఆ సమయంలో మీకు గుర్తుండకపోవచ్చు కాబట్టి మీవారికి, అమ్మకు ఇప్పుడే చెప్పి ఉంచండి.